300 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంది, అయినా సాయంత్రం ఏడు దాటితే అమ్మ టీవీలో వీడియో ఆగిపోతోంది

కొబ్బరితోట_టీచర్
ఆగస్టు 8, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. మాది కోనసీమలో ఒక పల్లెటూరు. హైస్కూల్లో సోషల్ చెప్తాను. నెట్‌వర్కుల గురించి నాకు తెలిసింది తక్కువ, అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఇందులో ఏది పనికొస్తుందో మీరే చూడండి.

మా అమ్మకి 74 ఏళ్ళు. ఏప్రిల్‌లో బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది. ఇప్పుడు వాకర్ పట్టుకుని గదిలోనే నాలుగడుగులు వేస్తోంది. గుడికి వెళ్ళలేదు, అరుగు మీద కూర్చోలేదు. సాయంత్రం ఏడింటికి టీవీలో యూట్యూబ్ పెట్టుకుని తొమ్మిదిదాకా ప్రవచనం వింటుంది. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఆవిడ ఎదురుచూసేది ఆ రెండు గంటల కోసమే. జూన్ రెండో వారం నుంచి అది సరిగ్గా సాగడం లేదు. రెండు నిమిషాలు బాగా వస్తుంది, ఆగుతుంది, తెర మధ్యలో చక్రం తిరుగుతుంది. మళ్ళీ మొదలైనప్పుడు బొమ్మ అంతా అలికేసినట్టు ఉంటుంది. మళ్ళీ ఆగుతుంది. ఆవిడ రిమోట్ పట్టుకుని "నేనేమైనా తప్పు నొక్కానా అమ్మాయ్" అని అడుగుతుంటే నా ప్రాణం ఉసూరుమంటోంది.

మాకు ఫైబర్ కనెక్షన్. జూన్‌లో 100 ఎంబీపీఎస్ ప్లాన్ ఉండేది. జులైలో 300కి మార్చాను. తేడా ఏమీ లేదు. కంపెనీ తరఫున మనిషి మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ పొద్దున పదకొండు ఆ ప్రాంతంలోనే. రౌటర్ పక్కన నిలబడి ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ చేసి "290 వస్తోంది మేడమ్, లైన్ బావుంది" అని చూపించి వెళ్ళిపోయాడు. నేను చూసినా అంతే వస్తోంది.

ఇల్లు పాత పెంకుటిల్లు, గోడలు అడుగున్నర మందం. రౌటర్ వీధి గదిలో ఉంది, తీగ అక్కడికే వచ్చింది కాబట్టి. అమ్మ గది వెనకాల, పెరటి వైపు. మధ్యలో హాలు, దేవుడి గది. టీవీ 43 అంగుళాలది, కొని నాలుగేళ్ళయింది. రౌటర్‌లో రెండు పేర్లు కనిపిస్తాయి, ఒకదాని చివర 5జీ అని ఉంటుంది. టీవీలో వెతికితే ఆ 5జీ పేరు రావడం లేదు, రెండోదే వస్తోంది. నా ఫోన్, లాప్‌టాప్ 5జీ పేరు మీదే ఉన్నాయి, వాటికి ఏ ఇబ్బందీ లేదు.

పొద్దున, మధ్యాహ్నం టీవీ చక్కగా వస్తుంది. ఒక్క చోట కూడా ఆగదు. సాయంత్రమే ఈ బాధంతా. టీవీ మార్చమని షాపువాళ్ళు అంటున్నారు. మార్చడానికి నాకు అభ్యంతరం లేదు, కానీ మార్చాక కూడా ఇలాగే ఉంటే ఆవిడకి ఏం చెప్పాలి?


రాత్రిడ్యూటీ
ఆగస్టు 8, రాత్రి 11:05

మేడమ్, సాయంత్రం అందరూ వాడతారు కాబట్టి కంపెనీ లైన్ మీద లోడ్ ఎక్కువవుతుంది. మా దగ్గరా అంతే. రౌటర్‌లో డీఎన్ఎస్ 1.1.1.1 గానీ 8.8.8.8 గానీ పెట్టి చూడండి. టీవీలో యూట్యూబ్ యాప్ క్యాష్ క్లియర్ చేయండి. ఇంకా రాకపోతే 500 ప్లాన్‌కి వెళ్ళడమే.

పనిలో పనిగా నాదొక ప్రశ్న. నేను కొత్తగా ప్రొజెక్టర్ కొన్నాను, దాంట్లోనే ఆండ్రాయిడ్ ఉంది. యూట్యూబ్ బ్రహ్మాండంగా వస్తోంది, నెట్‌ఫ్లిక్స్ మాత్రం మసకగా వస్తోంది. నాకూ 200 ఎంబీపీఎస్ ఉంది. ఇదీ స్పీడ్ సమస్యేనా?


తీగల_పని
ఆగస్టు 9, ఉదయం 6:15

టీచరు గారూ, నమస్కారమండి. నేను పన్నెండేళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను. ముందు కేబుల్ టీవీ లైన్లు లాగేవాణ్ణి, తరవాత ఫైబర్, స్ప్లైసింగ్ అంటే తీగలు అతికే పని. మీరు రాసిన దాంట్లోనే సగం జవాబు ఉందండి. దయచేసి ఇప్పుడే టీవీ మార్చకండి, ప్లాన్ కూడా పెంచకండి. యూట్యూబ్‌లో 1080 బొమ్మకి 5 ఎంబీపీఎస్ సరిపోతుంది. 4కె బొమ్మకి వాళ్ళు అడిగేదే 20. నెట్‌ఫ్లిక్స్ అయితే 4కెకి 15 చాలంటుంది. మీకు ఉన్న 300లో పదిహేనో వంతు టీవీదాకా నికరంగా చేరినా అమ్మగారికి ఏ లోటూ ఉండదు. చేరడం లేదన్నదే మన సమస్య. 500 కొంటే వీధి గదికి 500 వస్తుంది, వెనక గదికి ఇప్పుడొచ్చేదే వస్తుంది.

మూడుసార్లు వచ్చిన అబ్బాయి అబద్ధం చెప్పలేదు. వాడు కొలిచింది వీధి స్తంభం నుంచి రౌటర్‌దాకా. అది బాగానే ఉంది. మీ కష్టం రౌటర్ నుంచి టీవీదాకా ఉంది, అదీ సాయంత్రం. కొలవాల్సిన చోట, కొలవాల్సిన వేళకి ఎవరూ కొలవలేదు. పైగా స్పీడ్ టెస్ట్ సర్వర్ చాలాసార్లు మీ కంపెనీ నెట్‌వర్క్ లోపలే ఉంటుంది. ఆ టెస్ట్ ఒకేసారి నాలుగైదు కనెక్షన్లు తెరిచి పది పదిహేను సెకన్లు గట్టిగా లాగి ఒక అంకె చూపిస్తుంది. వీడియో అలా నడవదు. అది కొన్ని సెకన్ల ముక్కలుగా వస్తుంది. టీవీ ఒక ముక్క తెచ్చుకుంటుంది, అది ఆడుతుండగా తరవాతి ముక్క అడుగుతుంది. సగటున ఎంత వచ్చిందని కాదు, ప్రతి ముక్కా వేళకి వచ్చిందా అన్నదే లెక్క. రావడం ఆలస్యమైతే ముందు తక్కువ నాణ్యత ముక్క అడుగుతుంది. మీకు బొమ్మ అలికేసినట్టు కనిపించేది అప్పుడే. అదీ వేళకి రాకపోతే చక్రం తిరుగుతుంది.

ఆ 5జీ అన్న పేరుకి సెల్‌ఫోన్ 5జీతో సంబంధం లేదండి. 5 గిగాహెర్ట్జ్ వైఫై అని. మీ టీవీకి అది పట్టే రేడియో లేదు, 2.4 గిగాహెర్ట్జ్‌ది ఒకటే ఉంది. చాలా టీవీలు అంతే. మీ ఫోన్ వెళ్ళే దారి వేరు, టీవీ వెళ్ళే దారి వేరు. అందుకే ఫోన్‌లో చూసిన 290 టీవీ గురించి ఏమీ చెప్పదు.

ఇవాళ సాయంత్రం మీరు చేయాల్సినవి రాస్తాను. ఓపికగా చేయండి, ఖర్చేమీ లేదు.

టీవీలో యూట్యూబ్ వీడియో ఆడుతుండగా సెట్టింగుల గుర్తు నొక్కితే "స్టాట్స్ ఫర్ నెర్డ్స్" అని ఉంటుంది. అది ఆన్ చేస్తే తెర మీద చిన్న పెట్టెలో అంకెలు వస్తాయి. వాటిలో రెండు చూడండి. కనెక్షన్ స్పీడ్ ఒకటి. బఫర్ హెల్త్ ఇంకొకటి, అంటే ఇంకా ఎన్ని సెకన్ల వీడియో ముందుగా దాచుకుని ఉందో అది. అది సున్నాకి వస్తే వీడియో ఆగుతుంది. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఏడున్నరకి ఒకసారి రాసిపెట్టండి.

తరవాత లాప్‌టాప్‌ని టీవీ పక్కనే పెట్టి, టీవీ ఉన్న వైఫై పేరుకే కలపండి. ఇది మర్చిపోవద్దు, 5జీ మీద ఉంటే పరీక్ష దండగ. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇంగ్లీషులో పింగ్ అని కొట్టి, ఖాళీ వదిలి 192.168.1.1 అని, మళ్ళీ ఖాళీ వదిలి మైనస్ టీ కొట్టి ఎంటర్ నొక్కండి. ఆ నంబరు రౌటర్ అడ్రసు, రౌటర్ అడుగున స్టిక్కర్ మీద వేరే ఉంటే అది కొట్టండి. ఇంకో కిటికీలో అదే పని 8.8.8.8కి చేయండి, అది బయట ఇంటర్నెట్‌లో ఉన్న గూగుల్ సర్వర్ అడ్రసు. రెండూ పక్కపక్కన నడుస్తుంటాయి. ప్రతి వరసలో కబురు వెళ్ళి రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో చూపిస్తాయి. రౌటర్‌దే ఎగుడుదిగుడుగా ఉంటే జబ్బు ఇంట్లోనే ఉంది. రౌటర్‌ది నిలకడగా ఉండి 8.8.8.8 మాత్రమే ఊగితే అప్పుడు కంపెనీని నిలదీయండి, ఆ తెర ఫోటో తీసి పంపండి. అప్పుడు వాళ్ళు "లైన్ బావుంది" అని ఊరికే అనలేరు.

రౌటర్ పేజీలో పీఓఎన్ అనో ఆప్టికల్ అనో ఒక చోట ఆర్ఎక్స్ పవర్ అని మైనస్ అంకె ఉంటుంది, తీగలోంచి రౌటర్‌కి అందే వెలుగు బలం అది. అదీ చూసి చెప్పండి. మైనస్ 27కి దగ్గరగా ఉంటే తీగలో ఎక్కడో వంపో, మురికో, పాడైన అతుకో ఉన్నట్టు. మైనస్ 20 చుట్టుపక్కల ఉంటే తీగ శుభ్రంగా ఉన్నట్టే.

ఒక ప్రశ్న అడుగుతాను. వైఫై మీద ఇంట్లో ఇంకేం ఉన్నాయి? ఫోన్లు కాకుండా. కెమెరాలు, స్మార్ట్ బల్బులు, ఏవైనా సరే అన్నీ చెప్పండి.

రాత్రిడ్యూటీ తమ్ముడూ, డీఎన్ఎస్ అనేది పేరు చెప్తే అడ్రసు వెతికిపెట్టేది. వీడియో మొదలయ్యాక ముక్కలు మోసేది అది కాదు. ఇంకో సంగతి, కొన్ని వీడియో సర్వీసులు డీఎన్ఎస్ ఎక్కడుందో చూసే నీ ఊరు ఊహించుకుని దగ్గరి సర్వర్ ఇస్తాయి. బయటి డీఎన్ఎస్ పెడితే ఒక్కోసారి దూరపు సర్వర్ తగిలే అవకాశం కూడా ఉంది. అసలు పేజీలే తెరుచుకోవడం ఆలస్యమైతే మార్చి చూడు. బాగా మొదలై మధ్యలో ఆగేదానికి అది మందు కాదు.

నీ ప్రొజెక్టర్‌ది స్పీడ్ కాదు. నెట్‌ఫ్లిక్స్ లాంటివి వైడ్‌వైన్ అనే తాళం వాడతాయి. పరికరానికి ఎల్1 స్థాయి అనుమతి ఉంటేనే హెచ్‌డీ ఇస్తాయి. ఎల్3 ఉంటే 480 దగ్గరే ఆపేస్తాయి, నీకు వెయ్యి ఎంబీపీఎస్ ఉన్నా సరే. యూట్యూబ్ మామూలు వీడియోలకి ఆ తాళం ఉండదు, అందుకే అది బావుంది. హెచ్‌డీఎంఐలో పెట్టుకునే మంచి స్టిక్ ఒకటి కొనుక్కో, దానికి ఆ అనుమతి ఉందో లేదో అడిగి మరీ తీసుకో.


ఎడిసన్_నుంచి
ఆగస్టు 9, ఉదయం 8:40

నేను న్యూజెర్సీలో ఉంటాను, నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ పని. తీగల_పని గారు చెప్పిన రెండు కిటికీల పింగ్ పరీక్ష ఇక్కడా అంతే పనికొస్తుంది. మా ఇంట్లో ఫలితం మాత్రం తిరగబడింది. రౌటర్‌ది నిలకడ, బయటిదే ఊగింది. మాది ఫైబర్ కాదు, కేబుల్ లైను. డౌన్‌లోడ్ 600 ఉంటే అప్‌లోడ్ 20 మాత్రమే. పిల్లలు ఎక్కడికైనా వెళ్ళి వస్తే నాలుగు ఫోన్లూ ఒకేసారి ఫోటోలు పైకి పంపడం మొదలుపెట్టేవి. ఆ 20 నిండిపోయేది. వీడియో కిందికే కదా వచ్చేది, అప్‌లోడ్‌తో పనేముంది అనుకుంటాం. కానీ ప్రతి ముక్కా అందిందని మన వైపు నుంచి చిన్న కబురు పైకి వెళ్ళాలి. అది ఫోటోల వెనకాల క్యూలో నిలబడితే, అక్కడినుంచి పంపేవాడు కూడా నెమ్మదిస్తాడు. దీన్ని బఫర్‌బ్లోట్ అంటారు. జిమ్ గెటిస్ అనే ఇంజనీరు 2010 ప్రాంతంలో తన ఇంటి కనెక్షన్‌లోనే దీన్ని పట్టుకుని ఈ పేరు ప్రచారంలోకి తెచ్చాడు.

రౌటర్‌లో ఎస్‌క్యూఎం అనే, క్యూని సర్దే సదుపాయం ఉంటే ఆన్ చేసి, అప్‌లోడ్ పరిమితి అసలుదానికంటే పది శాతం తక్కువ పెట్టాలి. నేను 18 పెట్టాను. క్యూ మోడెమ్‌లో కాకుండా రౌటర్ చేతిలోకి వస్తుంది, చిన్న కబుర్లని అది ముందు పంపేస్తుంది. దాని వెనక ఉన్న ఎఫ్‌క్యూ కోడెల్ పద్ధతి 2018లో ఆర్ఎఫ్‌సీ 8290 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా వచ్చింది. ఆరేళ్ళుగా మా ఇంట్లో దాని మీదే నడుస్తోంది.

టీచరు గారికి ఫైబర్‌లో అప్‌లోడ్ కూడా 300 ఉండుంటుంది కాబట్టి ఇది కాకపోవచ్చు. బయట ఉన్న మనవాళ్ళు ఎవరైనా ఈ ప్రశ్న వెతుక్కుంటూ వస్తే ముందు తమ అప్‌లోడ్ ఎంతో చూసుకోవాలని రాశాను.


కొబ్బరితోట_టీచర్
ఆగస్టు 10, రాత్రి 9:50

తీగల_పని గారూ, ఇంత ఓపికగా రాసినందుకు చాలా థాంక్సండి. మీరు చెప్పినవి చెప్పినట్టు చేశాను. నోటుబుక్కులో రాసుకున్నవి ఇవి.

ఆర్ఎక్స్ పవర్ మైనస్ 20.9.

మధ్యాహ్నం మూడింటికి: టీవీలో కనెక్షన్ స్పీడ్ 24,000 కేబీపీఎస్ (అంటే 24 ఎంబీపీఎస్) పైన, బఫర్ హెల్త్ 40 సెకన్ల పైన. రౌటర్ పింగ్ 3, 4, 3, 6.

రాత్రి ఏడున్నరకి: కనెక్షన్ స్పీడ్ 1,700, బఫర్ హెల్త్ 5 నుంచి 2కి, 2 నుంచి సున్నాకి దిగింది, అమ్మ ప్రవచనం ఆగిపోయింది. అదే నిమిషంలో రౌటర్ పింగ్ 180, 640, 35, 410, మధ్యమధ్యలో జవాబే రాలేదు. 8.8.8.8 కూడా దాదాపు అవే అంకెలు. లాప్‌టాప్‌ని అక్కడే ఉంచి 5జీ పేరుకి మార్చాను. సిగ్నల్ ఒక గీతే ఉంది కానీ పింగ్ 5, 6, 5.

అంటే జబ్బు ఇంట్లోనే ఉంది, అదీ 2.4 మీదే. నాకు తెలియకుండా రెండు నెలలు కంపెనీ వాళ్ళతో గొడవపడ్డాను.

మీరు అడిగినదానికి జవాబు: కెమెరాలు ఉన్నాయండి, నాలుగు. మా అన్నయ్య డాలస్‌లో ఉంటాడు. అమ్మ ఆపరేషన్ అయ్యాక మే నెలలో వచ్చి పెట్టించి వెళ్ళాడు. ఒకటి అమ్మ గదిలో, ఒకటి అరుగు మీద, రెండు గేటు దగ్గర తోట వైపు. అన్నీ వైఫైవే. కానీ మే నెలాఖరులో పెడితే జూన్ రెండో వారందాకా టీవీ బాగానే ఉంది. అందుకే వాటి మీద నాకు అనుమానం రాలేదు. పైగా అవి పగలూ రాత్రీ నడుస్తూనే ఉంటాయి కదా, మధ్యాహ్నం లేని బాధ సాయంత్రమే ఎందుకొస్తుంది?


తీగల_పని
ఆగస్టు 11, ఉదయం 5:50

టీచరు గారూ, మీ ప్రశ్నకి జవాబు మీ ఊరి వానల్లో ఉందని నా అనుమానం. తొలకరి పడ్డాక ఉసిళ్ళు లేస్తాయి కదండి. ఆ తరవాత వరిచేలు ఊడ్చాక దీపప్పురుగులు. చీకటి పడగానే కెమెరా రాత్రి చూపుకి మారుతుంది, దాని చుట్టూ చిన్న ఎర్ర దీపాలు వెలుగుతాయి. మన కంటికి సరిగ్గా కనిపించవు కానీ దగ్గరగా తిరిగే పురుగులు ఆ వెలుగులో కెమెరాకి తెల్లగా మెరుస్తాయి. అవి కెమెరా ముందు ముసురుకుంటే కెమెరా దృష్టిలో ఎవరో కదులుతున్నట్టే. ప్రతిసారీ ఒక క్లిప్ రికార్డు చేసి పైకి పంపుతుంది. ఆ క్లిప్పులు తెరిచి చూడండి, నేను చెప్పింది నిజమైతే గంటకి వందల కొద్దీ ఉంటాయి, అన్నిటిలోనూ తెల్లటి చారలే. ఇంకోటి, చీకట్లో తీసిన బొమ్మలో ఇసక పోసినట్టు చుక్కలు ఎక్కువ. అవి క్షణక్షణం మారుతుంటాయి కాబట్టి వీడియో సరిగ్గా కుదించుకోదు, పగటి బొమ్మకంటే బరువవుతుంది.

అయినా నాలుగు కెమెరాలూ కలిపి పంపేది పది ఎంబీపీఎస్ దాటదు, దానికే వైఫై ఎందుకు మోకాళ్ళ మీద పడుతుంది అంటారా? ఇది చాలామందికి తెలియని సంగతి. వైఫైలో ఒక ఛానెల్ మీద ఒకసారికి ఒక్కరే మాట్లాడాలి. కాలవ మీద ఒంటి వంతెన అనుకోండి. కారైనా, ఎడ్లబండైనా ఒకటి దిగాకే ఇంకొకటి ఎక్కాలి. రౌటర్‌కి దగ్గరగా ఉన్న పరికరం కారులాగా క్షణంలో దాటేస్తుంది. దూరంగా ఉన్న గేటు కెమెరాకి సిగ్నల్ బలహీనం, అందుకని వేగం తగ్గించుకుని మాట్లాడుతుంది, సగం మాటలు అందక మళ్ళీ మళ్ళీ చెప్తుంది. సరుకు కొంచెమే, వంతెన మీద ఉండే సేపు ఎక్కువ. అమ్మగారి టీవీ కూడా రెండు మూడు మందపు గోడల అవతల ఉంది, అదీ నెమ్మదిగానే మాట్లాడాలి. మధ్యాహ్నం వంతెన ఖాళీ కాబట్టి సాగుతోంది.

ఇది నా ఊహ మాత్రమే. తేల్చుకోవడం తేలిక. ఇవాళ ఏడున్నరకి టీవీ ఆగుతున్నప్పుడు, పింగ్ నడుస్తుండగానే, కెమెరాల అడాప్టర్లు ఒక్కొక్కటీ పీకండి. ఏది పీకినప్పుడు అంకెలు దిగాయో రాయండి.

ఏది తేలినా చేయాల్సిన పని మాత్రం ఒకటే. టీవీ వెనక లాన్ పోర్టు, అంటే నెట్ వైరు పెట్టే చోటు ఉంటుంది. రౌటర్ నుంచి అక్కడికి క్యాట్ 6 రకం నెట్ వైరు లాగించండి. టీవీ వైఫై నుంచి బయటికి వచ్చేస్తే ఆ వంతెనతోనే దానికి పనుండదు. కదలని వస్తువుకి వైరే మంచిదని నేను వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ చెప్తాను. షాపులో అసలు రాగి వైరే అడగండి, అల్యూమినియం మీద రాగి పూత వేసినది కూడా అదే రంగులో అమ్ముతారు. చవగ్గా ఉంటుంది, వంచితే విరుగుతుంది. వంద మీటర్లదాకా లాగచ్చు, మీకు పాతిక కూడా పట్టదు. బయట చూరు కింద నుంచి లాగకండి, ఇంటి లోపల నుంచే తీసుకెళ్ళండి.


కొబ్బరితోట_టీచర్
ఆగస్టు 12, రాత్రి 9:15

మీరు చూసినట్టే చెప్పారండి. గేటు కెమెరాల్లో ఒకదానికి నిన్న రాత్రి ఏడు నుంచి ఎనిమిదిలోపు 212 క్లిప్పులు. పురుగులు, బూజు, ఒక బల్లి.

అమ్మ గదిలోది పీకాను, తేడా లేదు. అరుగు మీదది పీకాను, కొంచెం తగ్గింది. గేటు దగ్గర మొదటిది పీకగానే రౌటర్ పింగ్ 60కి వచ్చింది, రెండోది పీకాక 4, 5, 4. బఫర్ హెల్త్ నా కళ్ళ ముందే 2 నుంచి 30కి ఎక్కింది. అమ్మ "ఇదిగో, వచ్చింది" అంది.

ఇంకొకటి కూడా తెలిసింది. అన్నయ్యకి ఫోన్ చేసి కెమెరాలు కాసేపు ఆపానని చెప్తే, "అవునా, నా స్క్రీన్ మీద ఇప్పుడే పోయింది" అన్నాడు. మనకి రాత్రి ఏడున్నర అంటే వాడికి పొద్దున తొమ్మిది, ఆఫీసు పని మొదలయ్యే వేళ. పక్కన ఇంకో మానిటర్ మీద నాలుగు కెమెరాలూ తెరిచి పెట్టుకుని పనిచేసుకుంటాడట. జూన్ మొదట్లో ఇంటినుంచి పని కుదిరినప్పటి నుంచీ అంతే. గేటు బొమ్మ ఆగి ఆగి వస్తోందని వాడూ రెండు నెలలుగా బాధపడుతున్నాడు, కానీ నన్ను ఇబ్బంది పెట్టడమెందుకని చెప్పలేదు.

వాణ్ణి చూడద్దని నేను అనలేను. అక్కడ కూర్చుని వాడు చూసుకునేది ఆవిణ్ణే. అమ్మ ప్రవచనమూ ఆగకూడదు, వాడి కెమెరాలూ ఆగకూడదు. అందుకే రేపే వైరుకి మనిషిని పిలుస్తున్నాను.


ఎడిసన్_నుంచి
ఆగస్టు 12, రాత్రి 10:30

టీచరు గారూ, నేనూ అలా అమ్మానాన్నల అరుగు చూసుకుంటూ పనిచేసేవాణ్ణే. మీ అన్నయ్యకి ఒక మాట చెప్పండి: కెమెరా యాప్‌లో హెచ్‌డీ (స్పష్టమైన బొమ్మ), ఎస్‌డీ (తక్కువ నాణ్యత బొమ్మ) అని రెండు ఉంటాయి. పక్కన పెట్టుకుని చూడటానికి ఎస్‌డీ చాలు, పంపే బరువు బాగా తగ్గుతుంది. ఏదైనా తేడాగా కనిపిస్తే అప్పుడు హెచ్‌డీ నొక్కుకోవచ్చు. నేనూ ఇవాళే మార్చాను.


కొబ్బరితోట_టీచర్
ఆగస్టు 17, రాత్రి 9:30

వైరు వేయించాను. వీధి గదినుంచి అటక మీదుగా, దేవుడి గది పైనుంచి అమ్మ గదిదాకా 22 మీటర్లు పట్టింది. టీవీ సెట్టింగుల్లో వైఫై తీసి వైర్డ్ అని ఎంచుకోవాల్సి వచ్చింది, అదేమిటో తెలియక మొదటి పూట వైరు పెట్టినా ఏ మార్పూ లేదు. ఎంచుకున్నాక ఐదు రోజులుగా ఒక్కసారి కూడా ఆగలేదు. నిన్న శనివారం ఆవిడ ఏడు నుంచి తొమ్మిదిన్నరదాకా కదలకుండా విని, మధ్యలో నన్ను పిలవనే లేదు. రెండు నెలల్లో అది మొదటిసారి.

గేటు కెమెరాల్లో మనిషి కదిలితేనే రికార్డు చేసే సెట్టింగు ఉంది, అది పెట్టాను. క్లిప్పులు గంటకి పదికి తగ్గాయి. అన్నయ్య ఎస్‌డీకి మార్చుకున్నాడు.

రెండు సందేహాలు ఉన్నాయండి. టీవీ బ్రౌజర్‌లో స్పీడ్ చూపించే ఫాస్ట్ డాట్ కామ్ తెరిస్తే 94 చూపిస్తోంది. ఎన్నిసార్లు చూసినా 94 దాటదు. 300 రావాలి కదా, వైరు సరిగ్గా బిగించలేదా? రెండోది, మా దగ్గర వానాకాలం పిడుగులు ఎక్కువ. ఈ వైరు వల్ల టీవీకి ఏమైనా అవుతుందా?


తీగల_పని
ఆగస్టు 18, ఉదయం 6:05

చాలా సంతోషమండి టీచరు గారూ. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.

94 అంటే వైరు నిక్షేపంగా ఉంది. చాలా టీవీల్లో లాన్ పోర్టే 100 ఎంబీపీఎస్‌ది, ఖరీదైన వాటిల్లో కూడా. ప్రతి ముక్కతో పాటు వెళ్ళే అడ్రసులూ అవీ పోను చేతికొచ్చేది 94. 4కె సినిమాకి కూడా అది ఎక్కువే. లాప్‌టాప్‌కి అదే వైరు పెట్టి చూసి, అక్కడ కూడా 94 దగ్గరే ఆగితే అప్పుడు అనుమానించండి. వైరులో ఉన్న నాలుగు జతల్లో రెండే బిగిస్తే అలా ఆగుతుంది. అదీ లాప్‌టాప్‌కి గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) పోర్టు ఉంటేనే. టీవీ వరకు దాని గురించి బెంగ పెట్టుకోకండి. ఇక జులైలో తీసుకున్న 300 ప్లాన్ మీకు అవసరమా అన్నది గడువు అయ్యాక ఆలోచించుకోండి. మీ ఇంటి వాడకానికి 100 సరిపోతుంది.

పిడుగుల సంగతి అడిగి మంచి పని చేశారు. బయటినుంచి వచ్చే ఫైబర్ గాజు తీగ, దాంట్లోంచి కరెంటు రాదు. వచ్చేది రౌటర్ అడాప్టర్ గుండా, కరెంటు లైనులోంచి. అక్కడ కొడితే ఈ లాన్ వైరు పట్టుకుని టీవీదాకా వెళ్ళచ్చు. అందుకని ఉరుములు మొదలవకముందే రౌటర్ ప్లగ్గు, టీవీ ప్లగ్గు పీకేసి, టీవీ వెనక లాన్ వైరు కూడా తీసి పక్కన పెట్టండి. అమ్మగారు వంగి తీయకూడదు కాబట్టి రౌటర్ వైపు చివరే తీసేయండి, అది వీధి గదిలో మీ చేతికి అందుతుంది. స్విచ్ ఆఫ్ చేసి ఊరుకుంటే సరిపోదు, ప్లగ్గు గోడలోంచి బయటికి రావాలి.

గేటు కెమెరాలకి ఇంకో చిన్న పని చేయించండి. కెమెరాలో ఎర్ర దీపాలు ఆపేసే సెట్టింగు ఉంటే ఆపేసి, కెమెరాకి పది అడుగుల దూరంలో ఒక మామూలు బల్బు వేయించండి. పురుగులు బల్బు దగ్గరికి పోతాయి. మీ అన్నయ్యగారికి గేటు రంగుల్లో కనిపిస్తుంది. నెలకోసారి అద్దం మీద బూజు తుడిపించండి, చీపురుతో కాదు, మెత్తటి గుడ్డతో.